మధ్యలోంచి కోసిన దుంగ

ముందు కూర్చో. గుమ్మంలో ఒక కాలు, హాల్లో ఒక కాలు పెట్టి వింటానంటే నేను చెప్పను. ఫోను ఆ దిండుకి ఆనించి, నా మాట పడుతోందో లేదో సరిగ్గా చూడు. మొన్నటిలా అంతసేపూ చెప్పించుకుని, చివర్లో "అయ్యో అమ్మమ్మా, బటన్ నొక్కలేదు" అన్నావంటే ఈసారి ఊరుకోను. ఫ్యాను కాస్త తగ్గించు, నా మాటకన్నా దాని మాటే ఎక్కువ వినబడుతోంది. ఆఁ, ఇప్పుడు విను. పొద్దుట్నుంచీ నువ్వు ఫోన్లో నోరు తెరుచుకుని చూస్తున్నావే, ఎవరో గెడ్డపాయన, నదిలో కొట్టుకొచ్చిన దుంగని తెచ్చుకుని, మిషను మీద గిరగిరా తిప్పి, టీ చల్లారేలోపు అద్దంలాంటి గిన్నె చేసేశాడు. నువ్వేమో "వావ్ అమ్మమ్మా, చూడు చూడు" అంటున్నావు. నేను చూడక్కర్లేదు బ్లెస్సీ. నువ్వు తాళాలూ ఛార్జర్లూ పారేసే గిన్నె ఒకటి ఫ్రిజ్ మీద ఉందే, వంకరగా, ఒక పక్కకి వాలి, రాగి తీగ కుట్లతో, అది కూడా గోదాట్లో కొట్టుకొచ్చిన దుంగే. ఆ దుంగ నాది. నా పేరు మీద లంక మొత్తం ఒప్పుకున్న ఆస్తి ఏదైనా ఉందంటే అదొక్కటే.

ఇంకో సంగతి కూడా ఉంది. నా బీరువాలో కింది అరలో పెట్టుకున్న తెల్లచీర పోయిన ఆదివారం నుంచి కనబడట్లేదు. నా ఆఖరి ప్రయాణానికని కొనుక్కుని, అంచు ఎలా ఉందని మీ అమ్మనడిగి, కలరా ఉండలు వేసి దాచుకున్న చీర. ఇంట్లో ఉన్నది ముగ్గురం. మీ అమ్మకి దానితో పని లేదు, నాకింకా అవసరం పడలేదు. ఇక మిగిలింది ఎవరో నేనేం అనట్లేదు. మొహం అలా పెట్టకు. చీర సంగతి తర్వాత. ముందు దుంగ.

మాది ధవళేశ్వరానికి దిగువన ఒక లంక. చుట్టూ గోదారి, మధ్యలో మేము. పడవ దాటితే గానీ ఉప్పు కూడా ఇంటికి వచ్చేది కాదు. మా నాన్న అక్కడి బళ్ళో పంతులు. తాటాకు ఇల్లు, మట్టి గోడలు, వెనకాల అరటి తోట, ఆ వెనక ఏరు. ఇప్పుడు నువ్వు ఏ సెంటు సీసా మూత తీసినా నాకు ఒకటే వాసన కొడుతుంది గానీ, ఆ ఇంట్లో గంట గంటకీ ఒక వాసన మారేది. తెల్లారుతూనే అలికిన పేడ వాసన, తర్వాత దంపుడు బియ్యం ఉడుకుతున్న గంజి వాసన, మధ్యాన్నం అల్లం వెల్లుల్లి నూరే వాసన. వీటన్నిటి మీదా పందిరేసినట్టు మా మామ్మ చుట్ట వాసన. మామ్మంటే మా నాన్న వాళ్ళమ్మ, సారమ్మ. మనిషి ఎంత పొడుగంటే మా గుమ్మంలోంచి ఏ రోజూ తల వంచకుండా లోపలికి వచ్చింది లేదు. నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని కాల్చేది చుట్ట. చర్చి అయ్యగారు వస్తున్నారని తెలిస్తే చటుక్కున తీసి చూర్లో దోపేసి, ముక్కుల్లోంచి ఇంకా పొగ వస్తుండగానే "వందనాలయ్యగారూ" అనేది. ఆయన "వందనాలమ్మా, పొయ్యి రాజేస్తున్నారా?" అనేవారు. "ఆయ్" అనేది మామ్మ. అబద్ధం చెప్పినట్టూ కాదు, నిజం చెప్పినట్టూ కాదు.

మన ఇళ్ళల్లో గుప్పెడు బియ్యం అని ఉండేది. ఇప్పుడు నీకు తెలీదులే. ఎసట్లో పోయడానికి బియ్యం కొలిచాక, కడిగేముందు, అందులోంచి గుప్పెడు తీసి దేవుడి పేర పక్కన పొయ్యాలి. పూటపూటా అలా తీసినది ఆదివారం చర్చికి పట్టుకెళ్ళాలి. లేనివాళ్ళకీ, అయ్యగారి ఇంటికీ అదే ఆధారం. మా ఇంట్లో ఆ గుప్పెడు తీసే హక్కు మామ్మది. ఆవిడ చెయ్యి చేట. ఆవిడ గుప్పిలి మూసి తీసిందంటే గిన్నెలో గుంట పడేది. అమ్మ ఆ గుంట వంక చూసి నిట్టూర్చేది. "అత్తా, దేవుడు మనకన్నా ఎక్కువ తింటున్నాడు" అనేది. "నీ గుప్పిలితో తీస్తే ఆయనకి పంటి కిందకి రావద్దూ?" అనేది మామ్మ. అయితే అంత గొప్పగా తీసిన బియ్యాన్ని పోసేది మాత్రం ఒక తుప్పు పట్టిన పాల డబ్బాలో. ఆదివారం అందరూ ఇత్తడి చెంబులూ గిన్నెలూ తెస్తే, మామ్మ ఆ డబ్బాని పమిట కింద దాచి తీసుకెళ్ళేది. అంత పొడుగు మనిషి పమిట కింద డబ్బా దాస్తే ఎలా ఉంటుంది? దొంగ కోడిని పట్టుకెళుతున్నట్టు ఉండేది.

ఆ ఏడు గోదారి పెద్దగా వచ్చింది. ఎర్రనీళ్ళు అరటి తోటలోకి వచ్చి, మా అరుగు కింది మెట్టు దాకా చూసి, పోయాయి. వరదతోపాటు దుంగలొచ్చేవి. పైన మన్యంలో ఎక్కడో పడిపోయిన చెట్లు, పాపికొండల్లోంచి పోలవరం మీదుగా దొర్లుకుంటూ వచ్చి, ఆనకట్ట మీంచి దూకి, మా లంకల్లో పడేవి. సర్కారు ముద్ర ఉన్న దుంగ అయితే ఎవరూ ముట్టుకునేవారు కాదు. ముద్ర లేనిది మాత్రం పట్టినవాళ్ళది. అయితే దానికో పద్ధతుంది. తాడేస్తే చాలదు, మీద కూర్చుంటే చాలదు. దుంగ మీద రాయి పెట్టాలి. ముందు ఎవరి రాయి పడితే వాళ్ళది. దుంగ గట్టుకి చేరేదాకా ఆ రాయి తీయకూడదు. తీస్తే హక్కు పోయినట్టే. ఇందులో చిక్కేంటంటే, లంకలో రాయనేది దొరకదు. అంతా ఒండ్రు మట్టి. పిచ్చుకని కొడదామన్నా గులకరాయి ఉండదు. అందుకే రాయికి అంత పరువు. మట్టిగడ్డ ఎవడైనా పెడతాడు, రాయి పెట్టాడంటే వాడు నిజంగా కష్టపడ్డాడని లెక్క.

నీళ్ళు తీస్తున్న రోజుల్లో ఒక పొద్దున నేను చెంబు పట్టుకుని తోట వెనక్కి వెళ్ళాను. దేనికని అడక్కు, ఇది రికార్డవుతోంది. రెండు అరటి బోదెల మధ్య ఇరుక్కుని పడుందమ్మా, బురదలో పందిలాగా, నల్లగా, లావుగా. నేనప్పటికి మూడో తరగతి. వచ్చిన పని మర్చిపోయి ఇంట్లోకి పరిగెత్తాను. రాయి కావాలి. ఇంట్లో ఉన్న రాయల్లా సన్నికల్లు. ఆ పలకని నేను ఎత్తలేను. దాని మీద నూరే పొత్రం ఉందే, అది ఎత్తుకుని, పసిపిల్లని ఎత్తుకున్నట్టు గుండెకి హత్తుకుని, బురదలో రెండుసార్లు పడి, తీసుకెళ్ళి దుంగ మీద పెట్టాను. పెట్టి, రేవుకి వినబడేలా అరిచాను, "దుంగ నాదీ!" అని. ఊళ్ళోవాళ్ళు వచ్చి చూస్తే ఏముంది, నెత్తి మీద బురద, చేతిలో చెంబు, దుంగ మీద పొత్రం. ఒకాయన అన్నాడు, "పంతులుగారమ్మాయి పెళ్ళికి సామాను సిద్ధం చేసుకుంటోందర్రా!" అని.

నవ్వితే నవ్వారు గానీ, పద్ధతి పద్ధతే. దుంగ నాదని అందరూ ఒప్పుకున్నారు. ఒప్పుకోనిది మా అమ్మొక్కతే. ఎందుకంటే నీళ్ళు పూర్తిగా తీసి, బురద ఆరి, మనుషులొచ్చి దాన్ని గట్టెక్కించేదాకా పొత్రం తీయడానికి లేదు. పొత్రం లేకపోతే మసాలా లేదు. వరద రోజులు, చేపలు దండిగా దొరికే కాలం, మేమేమో ఉప్పూ చింతపండూ వేసిన చేపల నీళ్ళు తాగుతున్నాం. "ఏంటే, అల్లం వెల్లుల్లి నీ నెత్తి మీద నూరనా?" అని రోజూ అడిగేది అమ్మ. నాన్న మాత్రం ముల్లు తీసుకుంటూ, "ఆస్తిపరురాలి ఇంట్లో ఆ మాత్రం ఇబ్బందులుంటాయి" అనేవారు. నేనా, బడికెళ్ళి అది గంధం దుంగ అని చెప్పేశాను. నమ్మనివాళ్ళకి చూపిద్దామని చిన్న పెచ్చు ఊడదీసి సబ్బు పెట్టెలో పెట్టి పట్టుకెళ్ళాను. అందరూ వరసగా వాసన చూశారు. పొత్రం కింద ముక్క కదా, చేపల మసాలా వాసన వచ్చింది. ఆ తర్వాత చాలా కాలం బళ్ళో నా పేరు గంధంచేప.

దుంగ గట్టెక్కింది. పొత్రం ఇంటికొచ్చింది. ఇక ఇంట్లో అందరికీ నా మీద ప్రేమ పొంగుకొచ్చింది. నాన్నకి బళ్ళోకి బెంచీలు కావాలి. అమ్మకి సామాను పెట్టె కావాలి. మంచం కోళ్ళకి చెక్క వెతుక్కుంటూ ధవళేశ్వరం నుంచి సూరయ్య అనే ఆయన రంపం భుజాన వేసుకుని వచ్చాడు. తిప్పుడు పని చేసేవాడు, మంచం కోళ్ళూ, చపాతీ కర్రలూ, పిల్లల బొంగరాలూ అన్నీ ఆయన చేతివే. నోరు మాత్రం చేతులకన్నా వేగం. దుంగని ఒకసారి తట్టి "మద్ది చెక్కండి ఇది, ఆయ్, ముమ్మాటికీ మద్దే" అన్నాడు. చెక్కి చూస్తే లోపల పసుప్పచ్చగా వచ్చింది. "నేననలేదాండీ, పనసని!" అన్నాడు. మద్దని ఇందాక అన్నావు కదా అంటే, పైన మద్దండి, లోపల పనస అన్నాడు.

పనస అనే మాట వినగానే మామ్మ అరుగు మీంచి లేచింది. చుట్ట తీసి పక్కన పెట్టింది. ఆవిడ చుట్ట పక్కన పెట్టిందంటే మాట పెద్దదన్నమాట. "పనసకి చెద పట్టదు కదా సూరయ్యా?" అంది. "పట్టదండి, మనవలు పోయినా అది పోదండి." "అయితే నా పెట్టెకి సరిపోద్దేమో చూడు" అంది.

ఏ పెట్టె అని నేనడగలేదు. అందరికీ తెలుసు. మా తాత వెనకటి వరద రోజుల్లో పోయాడు. రేవులో పడవ ఆగిపోయింది, లంకలో చెక్క ముక్క లేదు. చాపలో చుట్టి, తడి నేలలో పెట్టొచ్చారు. ఆ మాట మామ్మ ఎప్పుడూ ఏడుస్తూ చెప్పలేదు. కూరలో ఉప్పు తక్కువైందన్నట్టు చెప్పేది. "ఆయన్ని చాపలో పెట్టాం. నేను మటుకు చెక్కలోనే పడుకుంటాను" అనేది. ఇప్పుడు చెక్క వాకిట్లోకి వచ్చింది. సూరయ్య కొబ్బరితాడు తీశాడు. మామ్మ గోడకి ఆనుకుని, చెంగు సర్దుకుని, ఫొటో తీయించుకుంటున్నట్టు నిటారుగా నిలబడింది. ఆయన మడమ దగ్గర నుంచి నడినెత్తి దాకా తాడు పట్టి ముడేశాడు. ఆ తాడు తీసుకెళ్ళి దుంగ పక్కన పరిచాడు. అటు ఒక జానెడు, ఇటు ఒక జానెడు మిగిలింది. "దేవుడు కొలతేసి పంపాడండీ!" అన్నాడు సూరయ్య.

నాకు భయం పట్టుకుంది. ఎందుకో చెప్తాను, నవ్వకు. అంతకు ముందు ఏడు మా పక్కింటి పెద్దాయనకి వాళ్ళబ్బాయి ముందుగానే పెట్టె చేయించి అటక మీద పెట్టించాడు. రంగు పూర్తిగా ఆరకుండానే ఆయన పోయాడు. ఆయన అంతకు ఎప్పటినుంచో మంచంలో ఉన్నాడనీ, పోతాడనే పెట్టె చేయించారనీ నా బుర్రకెక్కలేదు. పెట్టె తయారైతే మనిషి అందులోకి వెళ్ళిపోతాడు, అంతే, నాకు అర్థమైంది అదీ. ఆ దుంగని మోసుకొచ్చింది గోదారే గానీ, పొత్రం పెట్టి పట్టింది నేను. అంటే మామ్మని పంపించే బండిని నేనే తోలుకొచ్చి వాకిట్లో కట్టేశానన్నమాట. అన్నం తినలేదు ఆ పూట. అల్లం వెల్లుల్లి వేసిన చేపల పులుసు, ఎన్నాళ్ళకో వచ్చింది, అది కూడా తినలేదు. అప్పుడైనా ఇంట్లోవాళ్ళకి అనుమానం రావద్దూ? "ఆస్తి వచ్చాక ఆకలి పోయింది దీనికి" అంది అమ్మ.

మర్నాడు సూరయ్య రంపం తీసేసరికి నేను వెళ్ళి దుంగ మీద కూర్చున్నాను, గుర్రం ఎక్కినట్టు అటొక కాలు, ఇటొక కాలు వేసి. ఒళ్ళో పొత్రం. మళ్ళీ ఎత్తుకొచ్చాను మరి. అమ్మ వంటింట్లోంచి తిడుతోంది.

"లే అమ్మలూ, దుంగ కొయ్యాలి" అన్నారు నాన్న.

"నా దుంగ. నాకు గిన్నె కావాలి" అన్నాను. ఆ మాట ఎక్కణ్ణుంచి వచ్చిందో నాకే తెలీదు. తుప్పు డబ్బా గుర్తొచ్చి ఉంటుంది. "గుప్పెడు బియ్యానికి గిన్నె."

"ఓస్, గిన్నేనా!" అన్నాడు సూరయ్య. "ఈ చివర మిగిలిన ముక్కలో పున్నమి చంద్రుళ్ళాంటి గిన్నె తీసిస్తానండి అమ్మాయిగారూ, ఆయ్."

"చివర్లోంచి వద్దు. మధ్యలోంచి."

"మధ్యలో కోస్తే అటూ ఇటూ మొండేలు మిగులుతాయండి. మామ్మగారి కొలతకి రావండి."

"నాకు మధ్యలోంచే కావాలి."

నాన్న విసుక్కున్నారు. అయ్యగారు కూడా అప్పుడే ఎటో వెళుతూ ఆగారు. ఆయన వచ్చి, పెద్దవాళ్ళ మాట వినాలమ్మా అని మొదలుపెట్టారు. నేను పొత్రం గట్టిగా పట్టుకుని కళ్ళు మూసుకున్నాను. మామ్మ అందర్నీ పక్కకి నెట్టుకుంటూ వచ్చి నా ఎదురుగా గొంతుక్కూర్చుంది. ఆవిడ కూర్చుంటే గానీ మా మొహాలు ఎదురెదురుగా వచ్చేవి కాదు.

"రాయి పెట్టినోళ్ళదే దుంగ. నేను కాదనట్లేదు" అంది. "అడుక్కుంటున్నాను అనుకో. నీ దుంగలో నాకు పొడుగ్గా కాస్త చోటివ్వవే."

"ఇవ్వను."

"ఎందుకివ్వవు? మీ తాతలాగా నన్నూ చాపలో చుడతావా?"

"పెట్టె లేకపోతే నువ్వు వెళ్ళలేవుగా!" అని బావురుమన్నాను.

 సూరయ్య తీసిన రంపం మళ్ళీ కింద పెట్టాడు. తర్వాత మామ్మ నవ్వడం మొదలుపెట్టింది. అలా నవ్వగా నవ్వగా పొలమారి, దగ్గొచ్చి, కళ్ళమ్మట నీళ్ళొచ్చి, నా ఒళ్ళోంచి పొత్రం తీసి పక్కన పెట్టింది. "అయ్యగారూ, విన్నారా? పెట్టె లేకపోతే పైకి రానివ్వరంట" అంది. అయ్యగారు నవ్వాలో, వాక్యం చెప్పాలో తెలీక గొడుగు తెరిచారు. ఎండ కూడా లేదు. మామ్మ లేచి, మోకాళ్ళు దులుపుకుని, చూర్లోంచి చుట్ట తీసి, అయ్యగారు చూస్తుండగానే ముట్టించింది. "కొయ్యి సూరయ్యా. మధ్యలోంచే కొయ్యి" అంది.

మా నాన్న "అమ్మా..." అంటే, "ఊరుకోరా, దుంగ గలావిడ చెప్పింది" అంది.

అలా కోశారు బ్లెస్సీ. అంత మంచి దుంగని, సరిగ్గా నడుం దగ్గర. రెండు మొండేలూ నాన్న బళ్ళో బెంచీలకి పనికొచ్చాయి, పొట్టి బెంచీలు, చిన్నపిల్లల తరగతికి. మధ్యది, రోలంత ముక్క, సూరయ్య పడవలో వేసుకుని ధవళేశ్వరం తీసుకెళ్ళాడు. నేనూ నాన్నతో వెళ్ళాను, నా ఆస్తి కదా. రెండు గుంజల మధ్య చెక్కని మేకుల మీద నిలబెట్టి, దానికి తాడు చుట్టి, వాళ్ళావిడ ఆ తాడు అటూ ఇటూ లాగుతుంటే, చెక్క ఒకసారి ఇటు, ఒకసారి అటు తిరిగేది. దాన్ని తరిమెన అంటారు. ఇటు తిరిగినప్పుడు సూరయ్య ఉలి ఆనిస్తాడు, అటు తిరిగినప్పుడు తీస్తాడు, మధ్యలో కబుర్లు చెబుతాడు. వాళ్ళావిడ "కబుర్లాపి ఉలి చూసుకో, నా చేతులు పడిపోతున్నాయి" అంటుంది. పసుప్పచ్చటి పెచ్చులు, సేమ్యాలాగా, నా జడ నిండా. నీ వీడియోలో గెడ్డపాయన ఒక్కడే పనిచేస్తున్నాడు, తిట్టేవాళ్ళు లేరు. అందుకే నాకది నిజం పనిలా అనిపించలేదు.

సాయంత్రానికి గిన్నె ఆకారం వచ్చింది, మందంగా, గరుగ్గా. ఇది పచ్చి చెక్కండి, ఊకలో కప్పెట్టి నీడలో పెట్టండి, సంక్రాంతి వెళ్ళాక తెండి, సన్నగా తీసి నునుపు చేసిస్తాను అన్నాడు సూరయ్య. ఊకలో కప్పెట్టాను. మర్నాడు తీసి చూశాను. మళ్ళీ కప్పెట్టాను. ఆ మర్నాడూ తీసి చూశాను. మొక్క పెట్టి వేరొచ్చిందేమోనని పీకి చూస్తారే, ఆ రకం మనిషిని నేను. చివరికి, ఆరడానికి నీడెందుకు, ఎండ ఉందిగా అనే గొప్ప ఆలోచన నాకే వచ్చింది. తాటాకు చూరు మీద పెట్టాను. మధ్యాన్నం మేమంతా చల్ల పోసుకున్న అన్నం తింటుంటే బయట టప్‌మని చప్పుడైంది. ఎవరో టపాకాయ కాల్చారన్నారు నాన్న. వెళ్ళి చూస్తే, గిన్నె అంచు నుంచి కింది దాకా చీలిక, గుండ్రం పోయి కోడిగుడ్డు.

సూరయ్య దాన్ని చూసి నెత్తి పట్టుకున్నాడు. "పున్నమి చంద్రుణ్ణి చేసిస్తే గుడ్డు చేసి తెచ్చారేంటండీ!" అన్నాడు. మళ్ళీ గుండ్రం చెయ్యాలంటే తీయగా తీయగా కాగితం మిగులుతుందన్నాడు. వాళ్ళావిడే, ఉన్నదున్నట్టు ఉంచి కుట్టమంది. చిన్న చిన్న బెజ్జాలు పొడిచి, రాగి తీగతో చీలిక కుట్టి, ఉలి ఆనినంత మేర నునుపు చేసి ఇచ్చాడు. అదీ, ఫ్రిజ్ మీద ఉన్న నీ ఛార్జర్ల గిన్నె. కింద పెడితే ఒక పక్కకి వాలుతుంది. బియ్యం పోస్తే అటు వైపుకే జారతాయి. మామ్మ దానిలో మొదటి గుప్పెడు పోసి, "అన్నీ ఒక పక్కకే పోతున్నాయేంటే, ఆ పక్క దేవుడున్నాడా?" అంది. ఆదివారం మాత్రం పమిట కింద దాచలేదు. రెండు చేతులతో ఎత్తి పట్టుకుని చర్చి మధ్యలోంచి నడిచింది. కొత్త గిన్నె వంకర ఎందుకని అడిగినవాళ్ళందరికీ కథంతా చెప్పింది. గంధంచేప నుంచి మొదలుపెట్టి.

మామ్మ ఏమైందని అడగవే? ఏమవుతుంది, బతికింది! పెట్టె లేదుగా మరి. నేను పెద్దమనిషినయ్యాను, పంతులమ్మ చదువు చదివాను, పాలకొల్లులో ఉద్యోగమొచ్చింది, పెళ్ళైంది, మీ అమ్మ పుట్టింది. మామ్మ అలాగే అరుగు మీద చుట్ట కాలుస్తూ కూర్చుంది. నా పథకం పారిందని నేను చాలా కాలం నమ్మాను. డిగ్రీ చదివినదాన్ని, పిల్లలకి సైన్సు చెప్పేదాన్ని, లోపల్లోపల సగం నమ్ముతూనే ఉన్నాను. ఇప్పుడు అడిగినా పూర్తిగా కాదనను.

కాకపోతే మనిషి తగ్గుతూ వచ్చింది. వెళ్ళినప్పుడల్లా కాస్త పొట్టిగా కనబడేది. నడుం వంగింది. ఒకసారి నేను చూస్తుండగానే గుమ్మంలోంచి తల వంచకుండా లోపలికి వచ్చేసింది. నేను ఆ గుమ్మం వంకే చూస్తుండిపోయాను. ఆవిడకి తెలిసింది నేనేం చూశానో. ఆఖరుసారి వెళ్ళినప్పుడు, మంచంలో ఉంది, మోకాళ్ళు ముడుచుకుని, ఒక పక్కకి తిరిగి, మంచంలో సగం ఖాళీ. నేను పక్కన కూర్చున్నాను. నా చెయ్యి తీసుకుని మంచం పట్టె మీద అలా కొలిచింది, తన నెత్తి నుంచి కాళ్ళ దాకా. "చూశావటే, ఇప్పుడైతే నీ సగం దుంగ చాలు" అంది. నేను ఏడుద్దామని నోరు తెరిచాను. "ఏడవకు, ముక్కు ఎర్రబడితే బాగోవు. నువ్వు కోయించి మంచిపనే చేశావు. మొత్తం దుంగలో నేను అటూ ఇటూ దొర్లుతుండేదాన్ని" అంది.

పెట్టె నేనే తీసుకెళ్ళాను, పాలకొల్లు నుంచి, కొంత దూరం లారీలో, కొంత పడవలో. పనస చెక్క కోసం తిరిగాను గానీ దొరకలేదు, వేప చెక్క దొరికింది. చేసేవాడు కొలత అడిగితే, నాకు గుర్తున్న కొబ్బరితాడు పొడుగు చెప్పేశాను. చిన్నప్పటి మామ్మనే చెప్పాను. అందులో పడుకోబెట్టాక కాళ్ళ దగ్గర బోలెడు ఖాళీ. మా అమ్మ ఆ ఖాళీలో మామ్మ రెండో చీర మడతపెట్టి సర్దింది. ఎవరూ చూడకుండా నాన్న ఒక చుట్టల కట్ట పెట్టారు. ఎవరూ చూడకుండా అనుకున్నారు. నేను చూశాను, అయ్యగారు కూడా చూశారు, చూసి ఆ పాత గొడుగే తెరిచారు. ఇంటికొచ్చి పొయ్యి రాజేశాక, అమ్మ బియ్యం కొలిచి నా ముందు పెట్టింది. నువ్వు తియ్యి అంది. తీశాను. నా గుప్పెడు చూసి, ఇంత చిన్నదేంటే అంది మా అమ్మ. ఆవిడ అనాల్సిన మాటేనా అది!

ఇప్పుడేముంది, రాజమండ్రిలో నాలుగో అంతస్తు. బియ్యం సంచీ లిఫ్టులో వస్తుంది, కుక్కరు ఈల వేస్తుంది, చర్చి కానుక మీ అమ్మ ఫోనుతోనే పంపించేస్తుంది. నేనేం తప్పు పట్టను. గుప్పెడు తీయడం ముందు మానేసింది నేనే, ఇక్కడికి వచ్చిన కొత్తలో, అపార్టుమెంట్లో పురుగు పడుతుందని. అయితే ఒకటి చూస్తున్నాను. అప్పుడు చావు మాట అరుగు మీద, చేపల పులుసు పక్కన, అందరి మధ్యా నడిచేది. తాడుతో కొలిచేవారు, నవ్వేవారు, దెబ్బలాడుకునేవారు. ఇప్పుడు నేను "నా తెల్లచీర" అన్నానో లేదో, మీ అమ్మ టీవీ పెడుతుంది, నువ్వు గదిలోకి పోయి తలుపేసుకుంటావు. మీ మీద కోపంతో అనట్లేదు. నేను పొత్రం ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను, నువ్వు చీర పట్టుకుపోయావు. పెద్ద తేడా లేదు. నాకైతే దుంగ మీద హక్కైనా ఉంది, నీకు ఆ చీర మీద ఏం హక్కే?

ఏడవకు, ముక్కు ఎర్రబడుతుంది. ఇటు రా. చూడు, నా చెయ్యి నీ తలుపు గడియకి అందడం మానేసి ఎన్నాళ్ళైంది? నేనూ తగ్గుతున్నాను. ఆరు గజాల చీర నాకెందుకు, సగం చాలు. మధ్యలోంచి చింపి నీకు లంగా కుట్టించుకో, మిగతాది నాకు... ఆఁ? మీ అమ్మ వంటింట్లోంచి పిలుస్తోంది. వస్తున్నానే తల్లీ, వస్తున్నా! అలా అరిస్తే కింది అంతస్తువాళ్ళు వచ్చేస్తారు భోజనానికి. చేపల పులుసు కాస్త చల్లారితేనే బాగుంటుందిలే. బియ్యం కడిగేముందు గుప్పెడు తీశావా? లేదూ? సరే, రాత్రికి కొలిచినప్పుడు నన్ను పిలువు. బ్లెస్సీ, లే, నీకు అందుతుంది, ఆ గిన్నె దింపి, ఛార్జర్లు తీసేసి, తడిగుడ్డతో కాదు, పొడిగుడ్డతో తుడిచి ఇవ్వు, ఎండలో మాత్రం పెట్టకు. ఇదిగో, ఆ చీర కూడా నువ్వే ఉంచుకో, నేను అడిగేదాకా మాత్రం దాన్ని బయటికి తియ్యకు.